కృష్ణపట్నం లైన్ లేఅవుట్ కోసం తెప్పించిన హెచ్‌ఓ గూడ్స్ వ్యాగన్లు: ఏది కొనాలి, ఏది వద్దు

మన ఇండియన్ గూడ్స్ వ్యాగన్లని హెచ్‌ఓ స్కేల్లో (అసలు సైజులో 87వ వంతు) రెజిన్‌తో త్రీడీ ప్రింట్ తీసి ఆర్డర్ మీద పంపే చిన్న వర్క్‌షాప్ ఒకటి ఉంది, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి నడుపుతున్నారు. పేరు రాయట్లేదు, ఎందుకంటే మంచితో పాటు లోపాలు కూడా గట్టిగానే రాయబోతున్నా, అంత చిన్న షాపుని పేరు పెట్టి ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్ల దగ్గర బాక్స్‌ఎన్, బీసీఎన్‌హెచ్‌ఎల్, బీఓబీఆర్‌ఎన్, బీటీపీఎన్, బీవీజెడ్‌ఐ బ్రేక్ వ్యాన్ తెప్పించుకుని నెల్లూరులో మా మేడ మీద గదిలో ఉన్న లేఅవుట్ (పట్టాలూ స్టేషన్లూ పెట్టి చేసుకున్న మోడల్ రైలు ఏర్పాటు) మీద నడుపుతా ఉన్నా. మోడల్ రైళ్లంటే ఇష్టం ఉండి, ఏ వ్యాగన్ కొనాలో తెలీక ఆగిపోయిన మన వైపు వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. వ్యాగన్ చూడ్డానికి ఎంత బాగుందనేది నా లెక్కలో రెండో సంగతి. ఆ వ్యాగన్‌లోకి సరుకు ఎవరు ఎక్కిస్తారు, ఎవరు దించుకుంటారు, ఖాళీ అయ్యాక అది యాడికి పోతుంది, ఈ మూడింటికీ మీ లేఅవుట్ మీద జవాబుంటేనే అది మీ వ్యాగన్. లేదంటే షోకేసులో పెట్టుకోవడానికి కొన్నట్టే. అందుకే ఈ రివ్యూలో ఒక్కో వ్యాగన్‌కి మన నెల్లూరు, ప్రకాశం వైపు నిజంగా పనుందా లేదా అనే చూస్తున్నా, రంగూ ఫినిషింగూ ఆ తర్వాతే.

నా లేఅవుట్ వెంకటాచలం నుంచి కృష్ణపట్నం పోర్టుకి పోయే లైను. మెయిన్ లైన్ విజయవాడ నుంచి నెల్లూరు మీదుగా గూడూరుకి పోతుంటే వెంకటాచలం దగ్గర పోర్టు లైను విడిపోతుంది, అటు పడమర నుంచి ఓబులవారిపల్లె లైను వచ్చి కలుస్తుంది. ఆ ఓబులవారిపల్లె లైను 2019లో మొదలైంది, వెలిగొండల్లో చెర్లోపల్లి, రాపూరు మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. లేఅవుట్ వేసుకునేవాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు అసలు. ఒక చివర పోర్టు, ఇంకో చివర సొరంగం. సొరంగంలోకి పోయిన రైలు గోడ వెనక దాచిన లైన్లలోకి పోయి ఆగుతుంది, చూసేవాళ్లకి మాత్రం కడప వైపు పోయినట్టే ఉంటుంది. పోర్టు 2008లో తెరిచారు కాబట్టి మీరు ఏ సంవత్సరం లేఅవుట్ వేస్తున్నారనేది ముందే తేల్చుకోండి. 2009 అనుకుంటే సొరంగం లేదు, కడప వైపు బళ్లన్నీ గూడూరు, రేణిగుంట మీద తిరిగి పోవాల్సిందే. 2020 అనుకుంటే సొరంగం ఉంది. ఈ ఒక్క నిర్ణయంతో సగం వ్యాగన్ల లిస్టు దానంతట అదే తేలిపోతుంది.

బాక్స్‌ఎన్ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే ఎక్కువ డబ్బు పెట్టింది దీనికే. పైకప్పు లేని బొగ్గు వ్యాగన్, మెయిన్ లైన్ గేటు దగ్గర నిలబడితే మనం రోజూ చూసేదే. అసలు వ్యాగన్ కప్లర్ (వ్యాగన్లని ఒకదానికొకటి తగిలించే కొక్కెం) నుంచి కప్లర్‌కి 10.713 మీటర్లు, 87తో భాగిస్తే 123 మిల్లీమీటర్లు రావాలి. వెర్నియర్ పెట్టి కొలిచా, కరెక్టుగా ఉంది, ఎత్తు వెడల్పు కూడా తేడా లేదు. పక్కల నిలువు పట్టీలు, తలుపుల గొళ్లేలు, కింద బ్రేక్ సిలిండర్ పైపులు చాలా శ్రద్ధగా చేశారు, కాస్నబ్ బోగీ (గూడ్స్ వ్యాగన్ కింద చక్రాలుండే చట్రం) ఆకారం అయితే భలే కుదిరింది, ఈ విషయంలో ఆ కుర్రాళ్లని మెచ్చుకోవాల్సిందే. చక్రాల దగ్గర మాత్రం తేలిపోయారు. మన బాక్స్‌ఎన్ కొత్త చక్రం వ్యాసం 1000 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 11.5 రావాలి. వీళ్లు పెట్టింది అమెరికన్ వ్యాగన్లకి దొరికే 10.5 మిల్లీమీటర్ల చక్రం. ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటారు గానీ వ్యాగన్ మొత్తం కిందికి కుంగినట్టు కనిపిస్తుంది, పక్కన ఇంజన్ పెడితే కప్లర్ ఎత్తు కూడా తేడా వస్తుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే 11.5 చక్రాలు కావాలని అడగండి, కాస్త ఎక్కువ తీసుకుంటారు గానీ ఇస్తారు.

పట్టాల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) గురించి కూడా తెలుసుకుని దిగండి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో 19.3 మిల్లీమీటర్లు అవ్వాలి, కానీ బజార్లో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5, అది అసలు యూరప్, అమెరికాల్లో ఉండే స్టాండర్డ్ గేజ్ (1435 మిల్లీమీటర్లు) కోసం చేసింది. అంటే మన వ్యాగన్ సన్న పట్టాల మీద నడుస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది, పక్క నుంచి చూస్తే తెలీదు. నేను 16.5తోనే పెట్టుకున్నా, ఎందుకంటే పాయింట్లూ (రైలు లైను మారే చోట ఉండే పట్టాలు) ఇంజన్ల కింది భాగాలూ అన్నీ దానికే దొరుకుతాయి.

నంబర్ల విషయంలో ఆ షాపు వాళ్లు ఇంకా చాలా మారాలి. నాకొచ్చిన బాక్స్‌ఎన్‌లన్నిటికీ ఒకటే నంబర్! రేకు (ఒక గూడ్సు బండిలో తగిలించిన వ్యాగన్ల వరస మొత్తం) నిండా ఒకటే నంబర్ ఉంటే ఎంత మంచి మోడల్ అయినా బొమ్మలాగే ఉంటుంది. మన వ్యాగన్ నంబర్ 11 అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ రకం, 10 నుంచి 29 దాకా ఓపెన్ వ్యాగన్లు, 30ల్లో కవర్డ్, 40ల్లో ట్యాంకర్లు, 50ల్లో హాపర్లు. తర్వాత రెండూ ఏ రైల్వేదో చెప్తాయి, మన దక్షిణ మధ్య రైల్వేకి 09. ఆ తర్వాత రెండూ తయారైన సంవత్సరం, ఇంకో నాలుగు ఆ వ్యాగన్ సొంత నంబర్, చివరిది చెక్ అంకె. ఆ చివరి అంకె ఎలా వస్తుందంటే మొదటి పదిలో సరి స్థానాల్లో ఉన్న అంకెలన్నీ కూడి మూడుతో గుణించాలి, బేసి స్థానాల్లోవి దానికి కలపాలి, పైన వచ్చే పదుల సంఖ్యకి ఎంత తక్కువైందో అదే చెక్ అంకె. ఇది తెలిస్తే ఇంట్లోనే డెకాల్ (వ్యాగన్ మీద అతికించే అక్షరాల స్టిక్కర్) ప్రింట్ చేసుకోవచ్చు, నేను అదే చేశా. తయారీ సంవత్సరం మాత్రం చూసుకోండి, 2009 లేఅవుట్ మీద 18 అని ఉన్న వ్యాగన్ తిరగకూడదు. అలాగే రేకులో వ్యాగన్లన్నీ దక్షిణ మధ్య రైల్వేవే పెట్టొద్దు, వ్యాగన్లు దేశమంతా తిరుగుతాయి కాబట్టి అన్ని రైల్వేల కోడ్లూ కలిసిపోయి ఉంటేనే నిజంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏ పరిశ్రమ పెట్టాలి. పోర్టు పక్కన కంటికి కనపడే పెద్దది ఏదంటే నేలటూరు దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, 800 మెగావాట్ల యూనిట్లు. ఎవరైనా మొదట అదే పెట్టాలనుకుంటారు, కూలింగ్ టవరూ పొగ గొట్టం పెట్టి దానికి బొగ్గు రైలు నడుపుదామని. కానీ ఆ కేంద్రానికి బొగ్గు ఓడల్లో వచ్చి పోర్టు నుంచి కన్వేయర్ మీద పోతుంది. అంటే లేఅవుట్ మీద అంత పెద్ద పరిశ్రమ పెట్టినా దానికి పట్టాల పనే లేదు. నేను దాన్ని వెనక గోడ మీద పెయింటింగ్‌గా వేయించి, ముందు కన్వేయర్ గ్యాలరీ ఒక్కటే మోడల్ చేశా, అది చాలు. రైలుకి పని ఇచ్చేది పోర్టులో ఉన్న బొగ్గు గుట్టలు, అక్కడ లోడ్ చేసుకున్న బాక్స్‌ఎన్ రేకులు కడప, కర్నూలు వైపు సిమెంట్ ఫ్యాక్టరీలకీ దూరం పవర్ ప్లాంట్లకీ పోతాయి. కాబట్టి మీ డబ్బు పెద్ద బిల్డింగ్ మీద పెట్టొద్దు, పొడుగాటి లోడింగ్ లైనూ దాని పక్కన బొగ్గు గుట్టా మీద పెట్టండి. చోటు తక్కువ తింటుంది, పని ఎక్కువిస్తుంది.

దీంతో బీఓబీఆర్‌ఎన్ సంగతి కూడా తేలిపోతుంది. ఇది కింద తలుపులు గాలి ఒత్తిడితో తెరుచుకుని బొగ్గు కిందికి జారిపోయే హాపర్ వ్యాగన్. పట్టాల కింద పెద్ద గొయ్యి ఉన్న పవర్ ప్లాంటుకి ఇది పోతుంది. బాక్స్‌ఎన్‌కి కింద తలుపులు ఉండవు, దాన్ని వ్యాగన్ టిప్లర్ పట్టుకుని బోర్లించాలి. అంటే దించుకునే ప్లాంటులో ఏ యంత్రం ఉందో దాన్ని బట్టే పైన ఏ వ్యాగన్ వస్తుందనేది. నాకొచ్చిన బీఓబీఆర్‌ఎన్ మోడల్, నిజం చెప్పాలంటే వాళ్ల దగ్గర తీసుకున్న అన్నిట్లోకీ అందమైంది, ఏటవాలు పక్కలూ కింద తలుపుల మెకానిజం చూస్తా ఉంటే చూడాలనిపిస్తుంది. అయినా వద్దంటున్నా, పోర్టులో లోడింగ్ వైపు మాత్రమే చూపించే లేఅవుట్ అయితే బాక్స్‌ఎన్‌లే తీసుకోండి. పవర్ ప్లాంటు లోపలి ట్రాక్ హాపర్ (పట్టాల కింది ఆ గొయ్యి) దాకా మోడల్ చేసే చోటున్న వాళ్లు కళ్లు మూసుకుని బీఓబీఆర్‌ఎన్ కొనొచ్చు.

లోడు గురించి షాపు వాళ్లు బొగ్గు కుప్పలు కూడా ప్రింట్ తీసి వ్యాగన్‌తో ఇస్తారు, అవి తీసుకోవద్దు, నున్నగా మెరుస్తా ఉంటాయి. నిజం బొగ్గునే నలగ్గొట్టి జల్లెడ పట్టి ఫెవికాల్ నీళ్లతో అతికిస్తే దాన్ని మించింది లేదు. పైగా కుప్ప విడిగా తీసి పెట్టేలా ఉండాలి, ఎందుకంటే పోర్టుకి ఖాళీగా వచ్చిన రేకు లోడుతో పోవాలి.

ఇంకో మంచి సరుకు బెరైటీస్, అంటే ముగ్గురాయి, దీని గురించి ఎవరూ రాయరు గానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఓబులవారిపల్లె అంటేనే మంగంపేట ముగ్గురాయి గనుల ఊరు కదా, ఆయిల్ బావులు తవ్వేటప్పుడు బురదకి బరువు కోసం వాడతారు, ఎగుమతి సరుకు. ఆ లైను నేరుగా పోర్టుకి కలిసింది కాబట్టి అటు నుంచి లోడుతో వచ్చి ఇటు నుంచి బొగ్గుతో తిరిగిపోయే రేకు నడపొచ్చు, రెండు వైపులా పనే. ఒక చిన్న సూక్ష్మం ఉంది ఇక్కడ. ముగ్గురాయి సాంద్రత నాలుగున్నర దాకా ఉంటుంది, బాక్స్‌ఎన్ లోపల చోటు సుమారు 56 ఘనమీటర్లు ఉన్నా బరువు పరిమితి ముందే వచ్చేస్తుంది, అందుకని వ్యాగన్ సగం కూడా నిండదు. మోడల్‌లో కూడా బొగ్గు అంచు దాకా గుట్టగా, ముగ్గురాయి అడుగున రెండు చిన్న కుప్పలుగా పెట్టాలి. ఇనుప ఖనిజం కూడా అంతే. 2009 కాలం లేఅవుట్ వేసేవాళ్లు బళ్లారి వైపు నుంచి వచ్చే ఖనిజం రేకులు పెట్టుకోవచ్చు, 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతులు ఆపేసింది, 2022లో గానీ మళ్లీ అనుమతి రాలేదు కాబట్టి ఆ మధ్య కాలానికి మాత్రం పెట్టొద్దు.

బీసీఎన్‌హెచ్‌ఎల్‌కి నేను మంచి మార్కులు వేస్తా. ఇది మూసి ఉండే వ్యాగన్, ఎరువుల బస్తాలు, బియ్యం, సిమెంటు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి నేను చెప్పే మొదటి పరిశ్రమ కూడా ఫ్యాక్టరీ కాదు, గూడ్స్ షెడ్డు. ఒక లైను, పక్కన పొడుగాటి ప్లాట్‌ఫామ్, ఇనప రేకుల కప్పున్న షెడ్డు, వెనక్కి పెట్టి నిలబడిన లారీలు, బస్తాలు మోసే హమాలీలు, వాన పడితే కప్పడానికి పట్టలు, ఒక టీ బంకు. పోర్టులో దిగిన ఎరువులు నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్ల ఇలాగే దిగుతాయి, మన వైపు రైతుకి నాట్లప్పుడు యూరియా రేకు వచ్చిందా లేదా అనేది ఎంత పెద్ద వార్తో నేను చెప్పక్కర్లేదు. అదే షెడ్డులో ఇంకో రోజు బియ్యం ఎక్కించొచ్చు, సిమెంటు దించొచ్చు. ఒక్క పరిశ్రమతో అన్ని సరుకులూ, ఇంతకంటే లాభం ఏ ఫ్యాక్టరీ కిట్టూ ఇవ్వదు.

బీసీఎన్‌హెచ్‌ఎల్‌కి ఇంకో సుఖం పొడవు. పాత బీసీఎన్ 15.4 మీటర్లు, హెచ్‌ఓలో 177 మిల్లీమీటర్లు. బీసీఎన్‌హెచ్‌ఎల్ 10.96 మీటర్లే, 126 మిల్లీమీటర్లు. నా ప్లాట్‌ఫామ్ 1.3 మీటర్లు ఉంది, పాతవి ఏడు పడతాయి, కొత్తవి పది పడతాయి. కళ్లకి రేకు పొడుగ్గా కనపడాలంటే వ్యాగన్ల సంఖ్యే ముఖ్యం. వీళ్ల మోడల్‌లో కప్పు వంపు, పక్క తలుపుల మీద లాకు కడ్డీలు చక్కగా వచ్చాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీ కాబట్టి ఆ బూడిద రంగు కూడా మరీ వెండిలా మెరవకుండా సరిగ్గా కొట్టారు. తలుపులు తెరిచి చూపించే మోడల్ మాత్రం లేదు, అడిగితే చేస్తామన్నారు. షెడ్డులో ఆగిన రేకుకి తలుపులు మూసి ఉంటే పని జరుగుతున్నట్టుండదు, రెండో మూడో అలా తెరిచినవి చేయించుకోవడం మంచిది.

బీటీపీఎన్ పెట్రోలు ట్యాంకర్ మోడల్ బాగుంది, నిచ్చెన సన్నగా ఉండి విరిగే రకం, జాగ్రత్త. దీనికి నా లేఅవుట్‌లో ఆగే చోటు లేదు, మెయిన్ లైన్ మీద దాటి పోవడానికి మాత్రమే. ముత్తుకూరు వైపు వంటనూనె రిఫైనరీలు ఉన్నాయి కదా, వాటికి ట్యాంకర్ రేకు నడపొచ్చని చాలామంది అనుకుంటారు. బీటీపీఎన్ పెట్రోలియం సరుకుల బండి, పామాయిల్ మోసే బండి కాదు, రిఫైనరీ నుంచి నూనె ప్యాకెట్లూ డబ్బాలూ లారీల్లోనే పోతాయి. రిఫైనరీ పెట్టండి, ట్యాంకులు భలే అందంగా ఉంటాయి, కానీ గేటు ముందు లారీలు పెట్టండి. చీమకుర్తి గ్రానైట్‌కి కూడా ఇదే మాట. ప్రపంచమంతా పోయే బ్లాక్ గెలాక్సీ రాయి మనది, ప్రకాశం జిల్లా వాళ్లకి లేఅవుట్ మీద అది లేకపోతే మనసొప్పదు, ఆ దిమ్మెల్ని ట్రాలీ లారీ మీద ఎక్కించి లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర రైలు కోసం ఆగినట్టు పెట్టండి. నల్ల గ్రానైట్ ముక్కనే కోయించి చిన్న దిమ్మెలు చేస్తే అందులోని బంగారు చుక్కలు స్కేలుకి మరీ పెద్దవి అవుతాయి, నల్ల రంగు మీద సన్నటి కంచు పొడి చల్లితే సరిపోతుంది.

బ్రేక్ వ్యాన్ మాత్రం వద్దు, ఇప్పటి మోడల్ అయితే కొనకండి. బీవీజెడ్‌ఐ అంటే రేకు చివర గార్డు కూర్చునే పెట్టె, ప్యాసింజర్ పెట్టెల కింద ఉండే ఐసీఎఫ్ రకం బోగీల మీద నడిచేది, గార్డుకి కుదుపులు తగ్గాలని అలా చేశారు. వీళ్లు దాని కింద కాస్నబ్ బోగీలే పెట్టేశారు. రేకు చివర అందరి కన్నూ పడేది దాని మీదే. ఫోన్ చేసి చెప్తే ఆ అబ్బాయి "అన్నా, అచ్చు మారుస్తున్నాం, కొత్తది రాగానే పాతవి వెనక్కి తీసుకుంటాం" అన్నాడు, మాట తీరు మర్యాదగా ఉంది, డిజైన్ ఫోటోలు కూడా పంపాడు. అది వచ్చేదాకా ఆగండి.

ఎన్ని వ్యాగన్లు కొనాలనేది అందరూ అడుగుతారు. అసలు బాక్స్‌ఎన్ రేకు 58 దాకా ఉంటుంది, హెచ్‌ఓలో ఏడు మీటర్ల పైన అవుతుంది, ఆ పొడవు మామూలు ఇంట్లో కుదరదు. 14 వ్యాగన్లు, ముందు ఒక వాగ్-9 కరెంటు ఇంజన్, అంతా కలిపి రెండు మీటర్ల లోపు వస్తుంది, గదిలో తిరిగేటప్పుడు అది రేకులాగే అనిపిస్తుంది. పది కంటే తగ్గితే మాత్రం రేకు అనిపించదు. ఇక్కడే మన రైల్వేకీ అమెరికా రైల్వేకీ పెద్ద తేడా ఉంది. వాళ్ల లేఅవుట్లలో ఒకే బండికి రకానికి ఒకటి చొప్పున వ్యాగన్లు ఉంటాయి, ఒక్కో ఫ్యాక్టరీ దగ్గర ఆగి ఒకటో రెండో వదిలి పోతుంటాయి. మన దగ్గర ఇప్పుడు నడిచేవన్నీ బ్లాక్ రేకులు, ఒకే సరుకు, ఒకే రకం వ్యాగన్, ఎక్కిన చోట నుంచి దిగే చోటుకి నేరుగా. విదేశీ స్టార్టర్ సెట్లలో వచ్చే రంగురంగుల వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి తగిలించి పైన దక్షిణ మధ్య రైల్వే అని స్టిక్కర్ వేస్తే కుదరదు. అందుకే ఒక రకానికి రెండేసి చొప్పున అయిదు రకాలు కొనేకంటే ఒకే రకం పది కొనండి, మొత్తం ఖర్చు అంతే, నిజం మాత్రం ఎన్నో రెట్లు.

అయితే ఒక్కో వ్యాగన్ విడదీసి, షంటింగ్ చేసి, సైడింగ్‌లో పెట్టే ఆట ఇష్టమున్న వాళ్లు కూడా ఉంటారు, నాకూ ఇష్టమే. వాళ్లకి నా సలహా కాలాన్ని వెనక్కి జరపండి, 1970లకి పోండి. అప్పుడు నాలుగు చక్రాల సీఆర్‌టీ కవర్డ్ వ్యాగన్లు ఉండేవి, ఒక్కో వ్యాపారి ఒక్కో వ్యాగన్ బుక్ చేసుకునే కాలం. బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్ల పెద్ద షెడ్డూ యార్డూ కళకళలాడుతుండేవి, అక్కడ పని చేసిన కుటుంబాలు ఇప్పటికీ మన నెల్లూరు జిల్లాలో ఊరికొకటి ఉంటాయి, ఎవరింట్లో పెద్దాయన్ని కదిలించినా ఆ షెడ్డు గురించి రాత్రంతా చెప్తారు. ఒంగోలు, టంగుటూరు పొగాకు బేళ్లు, గూడూరు నిమ్మకాయ బస్తాలు, గూడూరు వైపు మైకా చెక్కపెట్టెలు, నెల్లూరు బియ్యం, ఇవన్నీ తలా ఒక వ్యాగన్‌గా ఒకే గూడ్సు బండిలో పెట్టుకోవచ్చు. ఒక్కో వ్యాగన్‌కి ఒక అట్టముక్క చీటీ రాసి, ఏ సరుకు, యాడ నుంచి యాడికి అని పెట్టుకుంటే ఆదివారం పొద్దంతా పని దొరుకుతుంది. ఈ షాపులో సీఆర్‌టీ ఇంకా రెగ్యులర్‌గా లేదు, కొంతమంది కలిసి అడిగితే చేస్తారు. నేను అడిగా, మీరూ అడగండి, ఎందుకంటే పరిశ్రమల వైవిధ్యం కావాలంటే మన జిల్లాలకి ఆ కాలాన్ని మించింది లేదు.

మార్కాపురం వైపు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. గుంటూరు నుంచి గుంతకల్లు లైను 1990ల దాకా మీటర్ గేజే. మీటర్ గేజ్ హెచ్‌ఓలో 11.5 మిల్లీమీటర్లు, బయట దొరికే ట్రాక్ 12, అంటే దాదాపు కరెక్టు, బ్రాడ్ గేజ్ వాళ్లకి లేని అదృష్టం ఇది. మార్కాపురం పలకల పరిశ్రమ, కంభం, దొనకొండ స్టేషన్లు, చిన్న బల్ల మీద మొత్తం సరిపోతుంది. పలకల యూనిట్ అంటే ఒక రేకుల షెడ్డు, రాళ్ల గుట్ట, కోసిన పలకల దొంతరలు, బిల్డింగ్ ఖర్చు ఏమీ ఉండదు.

ఇక వాడకం. రెజిన్ బాడీ చాలా తేలిక, అలాగే నడిపితే వంపులో లోపలికి ఒరిగి పడిపోతుంది. అమెరికాలో మోడల్ రైల్వే వాళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కి ఒక ఔన్సు, పైన అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువుండాలి, మన బాక్స్‌ఎన్‌కి అది 97 గ్రాములు అవుతుంది. టైర్ల షాపులో బ్యాలెన్సింగ్‌కి వాడే అతికించే వెయిట్లు దొరుకుతాయి, అవి నేల మీద, బొగ్గు కుప్ప కింద అతికించా, బయటికి కనపడవు. ఖాళీగా నడిచే వ్యాగన్‌కి అడుగున చాసిస్ మధ్యలో పెట్టాలి, కొంచెం తక్కువ బరువు పడుతుంది, దాంతో సర్దుకోవచ్చు. షాపు వాళ్లే బరువు పెట్టి ఇస్తే ఇంకో వంద ఎక్కువిచ్చినా బాధ లేదు, ఇది వాళ్లు తప్పకుండా ఆలోచించాలి. కప్లర్లు కేడీ (అమెరికన్ మోడల్ కప్లర్ల కంపెనీ) రకం పట్టే బాక్స్ ఇచ్చారు, ఇది మంచి పని, మన వ్యాగన్లకి నిజంగా ఉండే సీబీసీ (సెంటర్ బఫర్) కప్లర్‌కి అదే దగ్గరగా ఉంటుంది.

మన ఎండలు తెలుసు కదా, రోహిణి కార్తెలో మేడ మీద గది ఎలా ఉంటుందో. పల్చటి రెజిన్ భాగాలు వేడికి వంగుతాయి, ముఖ్యంగా బాక్స్‌ఎన్ పక్క గోడలు లోపలికి వాలతాయి. నా దాంట్లో లోడు పెట్టినవి బాగానే ఉన్నాయి, ఖాళీ వాటిల్లో కొన్ని వంగాయి, గోరువెచ్చని నీళ్లలో పెట్టి సరిచేస్తే మళ్లీ నిలబడ్డాయి. ఖాళీ వ్యాగన్ల లోపల అడ్డంగా ఒక సన్న ప్లాస్టిక్ పుల్ల అతికించుకోండి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉన్నవాళ్లు స్టీలు, ఇత్తడి పట్టాల జోలికి పోవద్దు, ఉప్పుగాలికి మచ్చపడి కరెంటు అందదు, నికెల్ సిల్వర్ పట్టాలే వేసుకోండి, చక్రాలు కూడా మెటల్‌వే అడగండి.

ధర రకాన్ని బట్టి ఒక్కోటి రెండు వేల పైమాటే, పది తీసుకుంటే కొంత తగ్గిస్తారు. విదేశీ మోడల్ కస్టమ్స్ కట్టి తెప్పించుకునే దానితో పోలిస్తే తక్కువే, పైగా మన వ్యాగన్ అక్కడ దొరకదు. ఇస్తామన్న తేదీ కంటే ఆలస్యం అవుతుంది, కానీ ఫోన్ ఎత్తుతారు, ఎంత వరకు వచ్చిందో చెప్తారు. ప్యాకింగ్ బాగుంది, ఒక్కో వ్యాగన్ విడిగా స్పాంజ్‌లో పెట్టి పంపారు, ట్యాంకర్ నిచ్చెన ఒకటి విరిగితే అడగ్గానే విడి భాగం పంపారు, డబ్బు తీసుకోలేదు. బాక్స్‌ఎన్‌కి అయిదులో నాలుగు, బీసీఎన్‌హెచ్‌ఎల్‌కి నాలుగున్నర, బీఓబీఆర్‌ఎన్ మోడల్‌గా నాలుగున్నర, బీటీపీఎన్‌కి మూడున్నర, బ్రేక్ వ్యాన్‌కి రెండు. మొదటిసారి ఆర్డర్ ఇచ్చేవాళ్లు బీసీఎన్‌హెచ్‌ఎల్ పదీ గూడ్స్ షెడ్డుతో మొదలుపెట్టండి, 11.5 మిల్లీమీటర్ల మెటల్ చక్రాలు, నంబర్లు వేయకుండా ఖాళీగా, రెండు వ్యాగన్లకి తలుపులు తెరిచి అని ఆర్డర్‌లోనే రాసివ్వండి, ఎండాకాలం దాటాక పంపమని చెప్పండి.